మంచం ఏ గోడకు వేశావని అడిగారు

మన యూనీ నాన్నకి,

అస్సలాము అలైకుం. అల్లా దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం తిన్నది అరిగించుకుంటూ, పోట్లాడుకుంటూ బాగానే ఉన్నాం. మీరు కూడా ఆ మలేసియా పామాయిల్ తోటల్లో పాముకీ జ్వరానికీ దొరక్కుండా, వేళకింత తింటూ బాగున్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం మీ తోట జతగాడు మహ్రిప్ చేతికిస్తున్నాను. సెలవు అయిపోయి శనివారం బయల్దేరుతున్నాడు. ఎండుచేపలు, మీ అమ్మ నూరిన మిరప్పచ్చడి కూడా అతని సంచీలోనే పెట్టాను. ఫోనుండగా కాగితమెందుకు వదినా అని నవ్వాడు. ఫోనులో మాట్లాడితే మీ అమ్మ ఒక చెవి, పక్కింట్లోంచి మీ చెల్లెలు ఒక చెవి ఇటే వేసి ఉంచుతారు. అదీగాక మీ గొంతు వింటే నాకు అబద్ధమే నోటికి వస్తుంది. అయిదేళ్ళుగా అదే జరుగుతోంది. అందుకే కాగితం.

మహ్రిప్‌తో మీరు పంపిన ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగారు. అత్త మోకాలు ఎలా ఉందని మొదటిది. మెట్లెక్కేటప్పుడు నొప్పి, పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు ఉండదు. యూనీ చదువు సంగతి రెండోది. లెక్కల్లో తరగతికి రెండోది, నోటి దురుసులో మొదటిది, అది మీ పోలికే. నీళ్ళ మోటారు బాగైందా అన్నారు. బాగైంది, కాకపోతే ముసలాయన దగ్గినట్టు నాలుగుసార్లు దగ్గి కానీ నీళ్ళివ్వదు.

నాలుగోదానికి చివర్లో జవాబిస్తాను. ముందు మన ఇంటికొచ్చిన అతిథుల సంగతి చెప్పాలి.

సెలవులకొచ్చేవాళ్ళకి ఇల్లు అద్దెకిద్దామన్నది మీ చెల్లెలు రైహానున్ ఆలోచనే అయినా, సరేనన్నది మీరూ నేనూ. సెంగిగీ హోటల్లో పనిచేస్తుంది కాబట్టి మీ చెల్లెలికి అన్నీ తెలుసు. లొంబోక్‌లో సముద్రం కనిపించే రెండు గదుల ఇల్లు, కొబ్బరిచెట్లు, ఇంటివంట అని ఫోటోలతో యాప్‌లో పెట్టింది. నేను కట్టిన ఇల్లు హోటలయిపోయిందే అని మీరు ఫోనులో ఎంత మురిసిపోయారో నాకు గుర్తుంది. మీరు ఒక్క ఏడాది ముందు ఇంటికొస్తారన్న ఆశ తప్ప నాకు వేరే ఆశ లేదు. అందుకే ఒప్పుకున్నాను.

మొదటి బుకింగ్ సురబాయ నుంచి వచ్చింది. వెనింగ్ అని బళ్ళో టీచరట, భర్త హెంద్రో, ఆవిడ తల్లి, ఆరేళ్ళ కూతురు సెకార్. నాలుగు రోజులకి అడిగారు. ఖాయం చేసుకునేముందు ఆవిడ ఒక ప్రశ్న రాసింది. "మీ ఇల్లు ఆ భూకంపం తర్వాత కట్టిందేనా? పాపతో వస్తున్నాం కాబట్టి అడుగుతున్నాను, ఏమనుకోకండి."

రైహానున్ ఆ ప్రశ్న నాకు చదివి వినిపించి, ఏం రాయమంటావని అడిగింది. నేను తూటికూర వలుస్తున్నాను. చేతిలో కట్ట మొత్తం వలిచాను. చివరికి, భూకంపం తర్వాత మొత్తం బాగుచేయించామని రాయమన్నాను. బాగుచేసింది నిజమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒప్పుకుంటున్నాం అనే మీట మాత్రం నా వేలితోనే నొక్కాను. ఆ వేలు ఆ రోజంతా చల్లగా ఉంది.

మీకు మన పడమటి గది గోడ గుర్తుండే ఉంటుంది. మరిచిపోతారా? ఆ ఆదివారం ఊరు ఊరంతా కూలిపోయి మన ఇల్లొక్కటే నిలబడితే, ఆ గోడకి పైనుంచి కిందికి పడ్డ పగులుని రెండు నెలలు మీ చేత్తో మీరే సిమెంటు పెట్టి పూడ్చారు. పైపై పూతే పగిలింది, లోపల రాయిలా ఉంది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. ఆ తర్వాతే మీరు మళ్ళీ ఓడెక్కారు. మీరు పూడ్చిన పగులు ఏడాది తిరక్కుండానే మళ్ళీ నోరు తెరిచింది. దాని మీదే రైహానున్ ఫోటోల కోసం అత్త పెళ్ళికి ముందు నేసుకున్న ఎర్రబట్ట వేలాడదీసింది. అత్త అడ్డు చెప్పలేదు కానీ ఒక మాట అంది. "నా పెళ్ళికి నేసుకున్నాను. మీ గుట్టు కప్పడానికని తెలిస్తే ఇంకో మూర పొడుగు నేసేదాన్ని."

వాళ్ళు వచ్చారు. మంచివాళ్ళు, అదే నా చావుకొచ్చింది. ఏ పొగరుబోతులో వస్తే నా మనసు అంతగా కొట్టుకునేది కాదేమో. ముసలావిడ మన కాఫీ తాగి, ఇందులో బియ్యం వేయించి కలుపుతారు కదూ అని అత్తతో గంటలు గంటలు కబుర్లాడింది. హెంద్రో గారు మిరప్పచ్చడి తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ అదే అడిగారు. సెకార్ వచ్చిన అరగంటకే మన యూనీ తోకైపోయింది. వెనింగ్ గారు పడమటి గదిలోకి వెళ్ళి, ఎర్రబట్ట అంచు పట్టుకుని, ఎంత బాగుంది, ఎవరు నేశారు అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ బట్ట కిందే ఆవిడ పాప మంచం.

మూడు రోజులు నేను ఎలా గడిపానో మీకు చెప్పలేను. లారీ పోతే గోడవైపు చూసేదాన్ని. కొబ్బరికాయ రాలితే చేతిలో గరిట జారేది. మీరు చూసిన అలవాటే, సీసాలు బోర్లా నిలబెట్టడం. భూమి కదిలితే ముందు అవే పడతాయి కదా. వంటింట్లో రెండు, పడమటి గది కిటికీలో ఒకటి పెట్టాను. సీసా తలకిందులుగా ఎందుకు నిలబడిందని సెకార్ అడిగింది. మా ఊరి ఆట అని చెప్పాను. మీరెక్కడ పడుకుంటారని వెనింగ్ గారు అడిగితే వెనక మా గది ఉంది అన్నాను. రోజూ వాళ్ళు లేవకముందే చాపలూ దిళ్ళూ చుట్టి అరటిచెట్ల వెనక దాచేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళు నడుం వాల్చారు. యూనీ వంటింటి గడప దగ్గర లెక్కలు చేసుకుంటోంది. నేను బావి దగ్గర గిన్నెలు తోముతున్నాను. పడమటి గదిలో సీసా పడి పగిలిన చప్పుడు వినిపించింది.

తర్వాత ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తు లేదు. వాళ్ళు చెప్పారు. కేకలు పెట్టుకుంటూ గదిలోకి దూరి, నిద్రలో ఉన్న సెకార్‌ని ఒక్క చేయి పట్టుకుని మంచం మీంచి ఈడ్చుకొచ్చానట. ముసలావిడని రెక్క పట్టుకుని లాగానట. హెంద్రో గారు లుంగీ సర్దుకుంటూ వెనకాలే పరుగెత్తుకొచ్చారు. అందరం వాకిట్లో నిలబడ్డాం. చెట్లు కదలడం లేదు. కోళ్ళు అరవడం లేదు. పడమటి గది కిటికీలోంచి మన పిల్లి దిగి, మావైపు ఒక చూపు చూసి, తోక ఎత్తుకుని వెళ్ళిపోయింది.

హెంద్రో గారు నవ్వారు. లొంబోక్‌లో పిల్లి గెంతినా జనం ఇల్లు వదిలేస్తారన్నమాట అన్నారు. ముసలావిడ కూడా నవ్వింది. నాకూ నవ్వాలనిపించింది, నవ్వితే అంతా సర్దుకుపోయేది. కానీ వెనింగ్ గారు నవ్వలేదు. పాప మోచేతికి గీరుకున్నచోట ఊదుతూ అరటిచెట్ల వైపు చూస్తున్నారు. అక్కడ గోడల్లేని మన బెరుగక్‌లో, గడ్డికప్పు కింద, నాలుగు స్తంభాల నడుమ యూనీ నిలబడి ఉంది. నేను కేక వేయగానే లెక్కల పుస్తకంతో సహా వెళ్ళి, ఎప్పుడూ నిలబడే చోట, స్తంభాన్ని చుట్టుకుని నిలబడింది. దాని కాళ్ళ దగ్గర నేను దాచిన చాపలు, మూడు దిళ్ళు.

వెనింగ్ గారు, మన ఊరివాళ్ళలాగే నన్ను యూనీ అమ్మా అని పిలుస్తూ, నెమ్మదిగా అడిగారు. "ఇనాక్ యూనీ, మీకు వెనక గది లేదు కదూ?"

నేను లోపలికి వెళ్ళి అత్త బట్ట పైకెత్తాను. ఆవిడ నా వెనకే వచ్చి, పగులులో వేలు పెట్టి చూశారు. వేలు రెండు కణుపులు లోపలికి పోయింది. ఆవిడ కేకలేస్తారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మీ అమ్మాయిని బయట పడుకోబెట్టుకుని, మా అమ్మాయిని ఇక్కడ పడుకోబెట్టారు," అన్నారు. అంతే.

ఆ సాయంత్రమే కారు పిలిపించుకుని వెళ్ళిపోయారు. ముసలావిడ మాత్రం అత్త చేతులు పట్టుకుని చెప్పి వెళ్ళింది. సెకార్ వంటింట్లో ఉన్న సీసా ఒకటి ఇమ్మని పేచీ పెడితే యూనీ తెచ్చిచ్చింది. సురబాయలో మా కిటికీలో బోర్లా నిలబెట్టుకుంటాను అంది ఆ పిల్ల. మనం ఆ పిల్లకి ఇచ్చి పంపింది అదన్నమాట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

రైహానున్ నా మీద మండిపడింది. పండక్కి ఇంకో రెండు కుటుంబాలు ఖాయం చేసుకున్నాయి, కాదంటే మళ్ళీ ఎవరూ మన గడప తొక్కరు అని. నిజమే కావచ్చు. దాని ఫోను తీసుకుని ఇద్దరికీ గోడ బాగోలేదు రావద్దని నేనే రాశాను. ఇల్లు యాప్‌లోంచి తీసేయించాను. వెనింగ్ గారు యాప్‌లో మన గురించి ఏం రాస్తారోనని రెండు రోజులు చూశాం. అక్కడేమీ రాయలేదు. మూడో రోజు నాకే ఒక వాక్యం పంపారు. "గోడ ఎప్పుడు కూలుస్తున్నారు?"

అప్పుడే మీ ఉత్తరం వచ్చింది. రంజాన్ పండక్కి వస్తున్నానని, అయిదేళ్ళుగా రేకుల షెడ్డులో పడుకుని వెన్ను అరిగిపోయిందని, వచ్చిన మొదటి రోజే నా చేత్తో పూసిన గోడ కింద నా పెళ్ళాంపిల్లల పక్కన పడుకోవాలని రాశారు. మన మంచం ఏ గోడకు వేశావు అని అడిగారు. అదే మీ నాలుగో ప్రశ్న.

ఏ గోడకూ వేయలేదు. మీరు వెళ్ళాక ఆ ఇంట్లో మేం పడుకున్నది ఏడు రోజులే. ఎనిమిదో రోజు మళ్ళీ చిన్నగా ఊగింది. యూనీని ఎత్తుకుని బెరుగక్‌లోకి పరుగెత్తినదాన్ని మళ్ళీ లోపల పక్క వేయలేదు. ఆ వారమే మేస్త్రీ అమాక్ సహ్దాన్ వచ్చి, సుత్తి పిడితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. మూల స్తంభంలో ఇనుము ఇరిగిపోయింది, ఈ గోడ నిలబడలేదు, ఊరికే ఆనుకుని ఉంది అన్నాడు. మీకు చెప్పొద్దని ఎవరూ అనలేదు. నేనే చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా ఇల్లు ఎలా ఉందని ముందు అడిగేవారు, తర్వాతే మేమెలా ఉన్నామని. ఎండలో గెలలు కోసి కట్టుకున్న ఇంటికి పనికిరాదన్న మాట నా నోటితో రావాలా అని భయం. గోడకి భయపడ్డాను, మీ కోపానికి భయపడ్డాను, రెండింటి మధ్య పరాయి పిల్లని పడుకోబెట్టాను. నా పాపం అదే. మీరు వస్తానని రాయకపోతే, ఆ గోడ కింద పడుకునే మనిషి మీరు కాకపోతే, ఇంకా ఎన్నాళ్ళు దాచేదాన్నో నాకే తెలియదు. అది తలుచుకుంటే మరీ భయమేస్తోంది.

మొన్న అమాక్ సహ్దాన్ ఇంటికి వెళ్ళి మాట్లాడి వచ్చాను. సోమవారం మనుషుల్ని, సుత్తుల్ని తెస్తానన్నాడు. శనివారం బయల్దేరినా మహ్రిప్ మీ తోటకి చేరేసరికి నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి ఇది మీరు చదివే వేళకి గోడ ఉండదు. ఆపమని ఫోను చేసినా లాభం లేదు. కావాలనే ఇలా చేశాను, నన్ను తిట్టండి. వెనింగ్ గారికి కూడా సోమవారం అని రాశాను. ఆవిడ జవాబివ్వలేదు, ఇవ్వాలని నేను అనుకోవడం లేదు.

కిటికీ కింద సిమెంటులో మీ నాలుగు వేళ్ళ గుర్తులు ఉన్నాయి, తడి ఆరకముందు ఆనుకుని ఉంటారు. ఆ పెచ్చు ఒక్కటీ చెదరకుండా తీసిపెట్టమని మేస్త్రీకి చెప్పాను. అత్త తన ఎర్రబట్ట ఉతికి మడిచి పెట్టెలో పెట్టేసుకుంది.

మీరు రండి. కోపంతోనే రండి, ఫరవాలేదు. బెరుగక్‌లో సముద్రం వైపు మీకు చోటు ఉంచాం. మొదట్లో గాలికి నిద్ర పట్టదు, తర్వాత అలవాటవుతుంది. దాని కప్పు ఎప్పుడైనా పడ్డా, మన మీద గడ్డే పడుతుంది.

ఇట్లు,
అయిదేళ్ళ అబద్ధం ఈ కాగితంతో దించుకున్న
మీ ఇనాక్ యూనీ