ఇరవై నాలుగు కంచు గిన్నెల వ్యాపారం

ఆమదాలవలస, 3-2-1968

చిరంజీవి కూర్మనాథానికి,

నడుం నొప్పితో మీ అక్క లక్ష్మీకామేశ్వరి దీవిస్తూ రాస్తున్నది.

జూట్ మిల్లులో గుమాస్తా పని చేసుకుంటూ, వ్యాపారం మీద ఏదో ఇంగ్లీషు పుస్తకం చదివి నాకు మూడు ఉత్తరాలు రాశావు. ఈ ఇంట్లో పోస్టుకార్డు కొనాలన్నా అత్తగారి దగ్గర తాళాలు అడగాలి. నాదంటూ నాలుగు రూపాయలుంటే బాగుండునని నీ మాట విన్నాను. మూడు బూడిద గుమ్మడికాయలు తరిగి వడియాలు పెట్టాను. నువ్వు చెప్పినట్టే మొదటి విడత ఊరికే రుచికి పంచాను.

సరుకు కన్నా ముందు గిన్నె కంటికి ఆనాలన్నావు కదా. అత్తగారి భోషాణంలోంచి ఇరవై నాలుగు కంచు గిన్నెలు తీసి, ఇంటికొకటి చొప్పున వడియాలు పోసి పంపాను. ఆవిడ మా ఆడపడుచు పురిటికి కొత్తవలస వెళ్లారు. భోషాణం తాళం చింతపండు కుండలో దాస్తారు. రోజూ చింతపండు తీసేది నేనే. ఆ గిన్నెలు మాత్రం నన్ను తాకనివ్వరు. ఇరవై రెండేళ్లుగా ఏటా ఉగాదికి తనే తోమి, తనే లెక్కపెట్టి, తనే తాళం వేస్తారు. ఈ ఉగాదికి ఒక్కటి తగ్గినా నా పని అయిపోయినట్టే.

ఇట్లు,
అక్క

తా.క. రుచి చూస్తే కొంటారని పుస్తకంలో ఉందా, నువ్వు కలిపావా?

*

విజయనగరం, 9-2-1968

త్వరలో ధనవంతురాలు కాబోతున్న అక్కకు,

తమ్ముడు కూర్మనాథం ఇప్పటినుంచే వంగి నమస్కరించి రాయునది.

సగం గెలిచావు! వ్యాపారి పేరు ఇంటింటా కనబడాలని నాలుగో అధ్యాయం. ఇప్పుడే డబ్బు అడగకు, అలవాటు పడనీ. ఆరో అధ్యాయం ఇంకా గొప్పది. సొంత డబ్బు పెట్టి పైకొచ్చినవాడు లేడట. పరాయి సొత్తు తెచ్చి, తనదిగా తిప్పుకున్నవాడే ఆస్తి కూడబెడతాడట.

ఇట్లు,
నీ సలహాదారు

తా.క. నాకు వడియాలు పంపలేదేం?

*

ఆమదాలవలస, 26-2-1968

చిరంజీవి సలహాదారుకు,

గుమ్మడికాయలు తరిగిన చేత్తోనే ఆశీర్వదిస్తున్నాను.

పేరు ఇంటింటా కనబడుతూనే ఉంది, కాని నాది కాదు. గిన్నెల పక్కన 'ప్రసూనాంబ' అని మా అత్తగారి పేరు ఇంతంత అక్షరాలతో చెక్కి ఉంది.

తొమ్మిది గిన్నెలు తిరిగొచ్చాయి. ఖాళీగా ఎవరు పంపుతారు? తాయారు ఉలవలు పెట్టింది. ఇంకొకరు పనసపొట్టు, మరొకరు బెల్లం, నలుగురు వంకాయలు. మూడు రోజులుగా వంకాయ కూరే. "ఒదినా, వడియాలు బాగున్నాయి, ఇంకో గిన్నెడు పంపు" అని అలచందలు పట్టుకొచ్చినావిడని రెండు రూపాయలివ్వమని ఏ నోటితో అడగను?

పదిహేను గిన్నెలు రానేలేదు. పెట్టడానికి ఏమీ లేక మొహమాట పడుతున్నారేమోనని, గిన్నెలో ఏమీ పెట్టి పంపక్కర్లేదని కబురంపాను. "మాది అంత గతిలేని కొంపా?" అని ఇద్దరు మాట్లాడడం మానేశారు.

ఇట్లు,
అక్క

తా.క. వంకాయలు పంపుతున్నాను. నీకు పడవని తెలుసు.

*

విజయనగరం, 5-3-1968

వ్యాపార ధీరురాలైన అక్కకు వందనాలు.

మధ్యాహ్నం ఫలహారం వేళ నీ ఉత్తరం గబగబా చదివాను. గిన్నె పంపక్కర్లేదని కబురంపావా! ఇది పుస్తకం రాసినవాడికే తట్టలేదు. వెంటనే ఐదు వందల కరపత్రాలు అచ్చు వేయించాను. 'లక్ష్మీకామేశ్వరి వడియాలు, ఆమదాలవలస. కంచు గిన్నె తిరిగి ఇవ్వనక్కరలేదు.' చీపురుపల్లి స్టేషనులో మూడొందలు పంచాను. మిగతా రెండొందలు నీకు పంపుతున్నాను.

ఇట్లు,
తమ్ముడు

తా.క. అచ్చుకూలి పన్నెండు రూపాయలు. తొందరలేదు, లాభంలోంచి ఇవ్వు.

*

ఆమదాలవలస, 14-3-1968

ఒరే కూర్మనాథం,

దీవెనలు వచ్చే ఉత్తరంలో.

మొన్న ప్యాసింజరు దిగి పదకొండు మంది మా గుమ్మం ముందు నిలబడ్డారు. వడియాల సంగతి ఒక్కరూ అడగలేదు. "గిన్నిలిస్తారంట, ఏవమ్మా?" అన్నారు. ఒకాయన ఇద్దరు కోడళ్లకి రెండు కావాలన్నాడు. మీ బావగారు బడినుంచి వచ్చి, ఇంట్లో ఎవరైనా పోయారా అని కంగారుపడ్డారు. అందరికీ మజ్జిగ ఇచ్చి పంపేసరికి పెరుగు కుండ ఖాళీ.

అత్తగారు ఉగాది ముందురోజు వస్తున్నట్టు కార్డు రాశారు. నాకు నిద్ర లేదు.

అక్క

తా.క. ఆ పుస్తకం ఎవరి దగ్గర తెచ్చావో వాళ్లకి ఇచ్చేసెయ్.

*

విజయనగరం, 18-3-1968

అక్కకు, తలదించుకుని నమస్కారం.

నష్టం వస్తే ఏం చేయాలో ఆఖరి అధ్యాయంలో ఉందట. ఆ పేజీలు చెదలు తిన్నాయి. ఇంటింటికీ వెళ్లి నోరు విడిచి అడుగు. అయినా నీ పెళ్లిలో అమ్మ గిన్నె ఒకటి పోలేదూ? వంటవాడే కొట్టేశాడని తను పోయేదాకా వాణ్ణి తిట్టింది గాని, కొంప మునగలేదు కదా.

తమ్ముడు

తా.క. వంకాయలు పక్కింటివాళ్లకి ఇచ్చాను. గిన్నెలో కాదు.

*

ఆమదాలవలస, 2-4-1968

చిరంజీవి కూర్మనాథానికి,

కాస్త కూర్చుని, కాళ్లు చాపుకుని దీవిస్తున్నాను.

నీ మాట మీదే వెళ్లాను. మొదట అసిరమ్మ ఇంటికి. గిన్నె అడగ్గానే ఆవిడ దాన్ని బోర్లించి నా ముందు పెట్టింది. "ఏటమ్మా, నా గిన్ని నాకాడికొచ్చినాది, మళ్లీ ఇమ్మంతన్నావేటి? అడుగున సూడు, మా అత్త తవిటమ్మ పేరు! మా సోములు సదివినాడు. ముప్పయ్యేళ్ల కిందట మీ అత్తకి సున్నుండలు ఎట్టి ఇచ్చినాం. ఉత్తి గిన్ని ఎలాగివ్వను, ఏటైనా ఎట్టి ఇస్తానన్నాది మీ అత్త. ఇప్పటికీ ఎడతన్నాది!"

రెండో ఇంట్లోనూ అంతే. పదిహేను ఇళ్లూ తిరిగాను. అన్ని గిన్నెల అడుగునా వేరే పేర్లే. పక్కన మాత్రం ప్రసూనాంబ. మా అత్తగారు ఏ పుస్తకమూ చదవకుండానే నీ ఆరో అధ్యాయం నడిపించారు.

ఇంటికొచ్చి ఓ నోటు పుస్తకంలో వరసగా రాశాను: గిన్నె, అడుగున పేరు, ఏ ఇల్లు, అందులో ఏం పెట్టి ఇచ్చారు.

ఆవిడ రైలు దిగి తిన్నగా భోషాణం దగ్గరికే వెళ్లారు. తొమ్మిది లెక్కపెట్టి నా వైపు తిరిగారు. నేను ఆ నోటు పుస్తకం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పదిహేను వరసలూ చదివారు. కాఫీ అడిగారు. తాగాక బొడ్లోంచి తాళాలు తీసి పుస్తకం మీద పెట్టి, "ఇది మావాడికి చూపించకే" అన్నారు. అంతే. తాళాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి.

నీ కరపత్రాలు మంచి దళసరి కాగితం. వాటితో పొట్లాలు కడుతున్నాను. పొట్లం తిరిగి ఇవ్వక్కర్లేదు గనక ఎవరికీ మొహమాటం లేదు, చక్కగా డబ్బిచ్చి తీసుకెళ్తున్నారు. అసిరమ్మ నాలుగు పొట్లాలు కొంది.

ఇట్లు,
అక్క

తా.క. మిగిలిన తొమ్మిది గిన్నెలూ నేనే తోమాను. ఒకదాని అడుగున మన అమ్మ పేరుంది. వచ్చి తీసుకెళ్లు. ఆ వంటవాడు ఇంకా బతికుంటే వాడికో పొట్లం ఇచ్చి రా.