ముగ్గులో దూకిన కూలర్

మిర్యాలగూడ,
14 మార్చి 2009

కోదాడలో "మన వాకిలి" ముగ్గుల వెబ్‌సైటు నడిపే మహేశ్వర్ గారికి, మిర్యాలగూడ నుంచి ఉమారాణి నమస్కరించి రాయునది.

నేను ఇక్కడ బట్టలు కుట్టే దుకాణం నడుపుతాను. ప్రతి శనివారం మేం ఎనిమిది మంది ఆడవాళ్ళం రామనర్సయ్య నెట్ సెంటర్‌కు వెళ్ళి, మీ సైటు తెరిచి, నచ్చిన ముగ్గులు నోటు పుస్తకాల్లోకి దించుకుంటాం. రెండేళ్ళుగా వారం మొత్తంలో మాకు ఇంతకు మించిన సరదా లేదు.

నెల రోజులుగా మీ పేజీ మీద ఒక కూలర్ దూకుతోంది. దానికి కాళ్ళు, చేతులు, మీసాలు కూడా ఉన్నాయి. ముగ్గు నడుమ నిలబడి "చల్లగా ఉండండి" అని గాలి ఊదుతుంది. అప్పటిదాకా లెక్కపెట్టిన చుక్కలు ఎన్నో మర్చిపోతాం.

పోయిన వారం మాడుగులపల్లిలో పశువుల దవాఖానకు కొత్త భవనం ప్రారంభించారు. ముగ్గు వేసే పని మా తమ్ముడి భార్య లతకు అప్పగించారు. పాపం, ఆ పిల్ల మీ పదిహేను చుక్కల తామర ముగ్గును ఉన్నది ఉన్నట్టు దించుకుంది. వేసింది కూడా ఉన్నది ఉన్నట్టే. వచ్చిన ఆఫీసరు ఆగి, "ఈ మీసాల డబ్బా ఏమిటమ్మా?" అని అడిగాడు. లత తడుముకోకుండా, "పశువులకు ఎండ తగలకుండ సూసే దేవుడు సార్" అంది. ఆయన చెప్పులు విప్పి దండం పెట్టుకున్నాడు.

లత ఆ రోజు నుంచి ముగ్గుబుట్ట ముట్టలేదు. దయచేసి ఆ కూలర్‌ను తీసేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు
ఉమారాణి

తా.క.: ఈ సంగతి సైటులోనే రాద్దామనుకున్నాను. అభిప్రాయం రాసే గడి మీద కూలర్ కూర్చుంది. అందుకే ఇన్‌ల్యాండ్ లెటరు.


కోదాడ,
18 మార్చి 2009

గౌరవనీయులైన ఉమారాణి గారికి, మహేశ్వర్ నమస్కారాలు.

మీ అభిమానానికి కృతజ్ఞతలు. సైటులోని ముగ్గులన్నీ నా భార్య దీప వేసినవే. ఫొటోలు తీసి పెట్టడం వరకే నా పని. మీరు చెప్పిన కూలర్ కోసం నా కంప్యూటర్‌లో ఎంత వెతికినా కనబడలేదు. సూర్యాపేట మోతీలాల్ కూలర్ల దుకాణం వారి ప్రకటన ఒకటి ఒప్పుకున్న మాట నిజమే. ప్రకటన లేకుండా సైటు నడవదు. అయితే అది ఒక మూల మర్యాదగా ఉంటుందని తయారు చేసినవాళ్ళు నాకు మాటిచ్చారు. దూకుతోందంటే మీ నెట్ సెంటర్‌లో వైరస్ ఉండి ఉంటుంది.

అయినా ప్రకటన పక్కన × గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే పోతుంది. కంప్యూటర్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకు చెయ్యి వణకడం సహజం. భయపడవద్దు.

ఇట్లు,
భవదీయుడు
మహేశ్వర్

తా.క.: మౌస్‌ను టేబుల్ మీదే ఉంచి కదపాలి. చేత్తో పైకెత్తితే పనిచేయదు.


మిర్యాలగూడ,
28 మార్చి 2009

మహేశ్వర్ గారికి, ఉమారాణి నమస్కరించి రాయునది.

నేను మిషన్ సూదికి ఒక్కసారికే దారం ఎక్కించే మనిషిని. నా చెయ్యి వణకదు.

మీరు చెప్పిన × గుర్తు దగ్గరికి వెళ్ళగానే అది పారిపోతోంది. పోయిన శనివారం లత మౌస్ పట్టుకుంది. ఏడుగురం వెనక నిలబడి, "గాడ, గాడ, పైకి పోయింది సూడు" అని దారి చూపించాం. పద్నాలుగో సారికి దొరికింది. నొక్కితే మూసుకోలేదు, పేరు, ఊరు, ఫోన్ నంబరు అడిగే కాగితం తెరుచుకుంది. ఫిర్యాదు కాగితమనుకుని లత నా పేరు మీద అంతా నింపింది.

మంగళవారం నా దుకాణం ముందు ఆటో ఆగింది. అందులో కూలర్. నాకు వద్దని ఎంత చెప్పినా ఆటో నడిపే బిచ్చా వినలేదు. "దించి రమ్మన్నరు, వాపస్ తెమ్మనలే" అని దించి పోయాడు. ఉన్నది చిన్న గది. ఇప్పుడు కూలర్ లోపల ఉంది, నా కుట్టుమిషన్ బయట ఉంది. నేను ఎండలో కూర్చుని కుడుతున్నాను.

వైరస్ మాట విని రామనర్సయ్య, "నా సెంటర్ల వైరస్ ఉందన్నాయన్ని ఒక్కసారి గీడికి రమ్మను" అన్నాడు. మీకు చెప్పమన్నాడు, చెప్పాను.

ఇట్లు,
ఇంకా మీ పాఠకురాలే
ఉమారాణి

తా.క.: ఆ కాగితంలో "మా గురించి మీకు ఎలా తెలిసింది?" అని ఒక ప్రశ్న ఉంది. లత "దూకితే తెలిసింది" అని రాసింది.


కోదాడ,
4 ఏప్రిల్ 2009

ఉమారాణి గారికి, మహేశ్వర్ శుభాకాంక్షలు.

ఇన్‌ల్యాండ్ లెటరు తెరిచేటప్పుడు అడ్డంగా చిరిగి నడుమ కొన్ని వరుసలు పోయాయి. మిగిలినది శ్రద్ధగా చదివాను. కూలర్ మీకు చేరిందని తెలిసి చాలా సంతోషించాను. ఫిర్యాదుతో మొదలైన పరిచయం ఇలా శుభంగా ముగియడం ఈ సైటు మొదలుపెట్టాక నేనెన్నడూ చూడలేదు.

మీ మాటలు అందరికీ తెలియాలని సైటు పైభాగంలో పెట్టించాను: "ఇప్పుడు కూలర్ లోపల ఉంది — ఉమారాణి, మిర్యాలగూడ." అక్షరాలు కొంచెం మెరుస్తాయట.

ఇట్లు,
భవదీయుడు
మహేశ్వర్

తా.క.: చేతి వణుకు తగ్గిందని ఆశిస్తున్నాను.


మిర్యాలగూడ,
18 ఏప్రిల్ 2009

మహేశ్వర్ గారికి, ఉమారాణి రాయునది.

ఈసారి కవరులో పెట్టాను. ఎలా చింపినా అక్షరం పోదు.

అక్షరాలు మెరవడమే కాదు, నా పేరు కూడా ఇప్పుడు కూలర్ వెనక దూకుతోంది. కూరగాయల మార్కెట్‌లో ఒకామె నన్ను ఆపి, "కూలరమ్మ నువ్వేనా?" అని అడిగింది. ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చేశాను. అప్పుడు లత ముగ్గుబుట్ట తీసి, "వదినె, నడువు సూర్యాపేటకు పోదం" అంది.

నిన్న తొలి బస్సుకు ఎనిమిది మందిమీ వెళ్ళాం. దుకాణం ఇంకా తెరవలేదు. ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, మెట్టు దగ్గర్నుంచి రోడ్డు దాకా పంతొమ్మిది చుక్కలతో పెద్ద × ముగ్గు వేశాం. రంగులు కూడా నింపాం. తడి ఆరని ముగ్గు తొక్కడానికి మనసొప్పక వచ్చినవాళ్ళు వచ్చినట్టే రోడ్డు మీద నిలబడ్డారు.

మోతీలాల్ గారు వచ్చి, "గిదేందమ్మా, నా దుకాణం ముంగట?" అన్నారు.

"మూసే గుర్తు. నొక్కి సూడుండ్రి" అంది లత.

ఆయన అడుగు ముందుకు వేయగానే లత ఒక కొస చెరిపి, రెండడుగుల అవతల మళ్ళీ వేసింది. ఆయన అటు తిరిగితే ఇటు వేసింది. నాలుగోసారికి ఆయన మెట్టు మీద కూర్చుని, "జర ఆగుండ్రి. అసలు సంగతేంది?" అని అడిగారు. మొదటి నుంచీ చెప్పాను. పాపం, ఆయన ఆ బొమ్మను ఒక్కసారి కూడా చూడలేదట. "దుకాణం పేరు పెట్టుమన్న గని, దునుకుమని నేనెప్పుడన్న?" అన్నారు. సాయంత్రానికి ఆటో పంపి కూలర్ తీసుకుపోయారు. ప్రకటన మీరు తీసేస్తే ఆయనకు ఏ అభ్యంతరమూ లేదట.

కాబట్టి వచ్చే శనివారం కోదాడ వస్తున్నాం. మీరు తీసేదాకా వస్తూనే ఉంటాం.

ఇట్లు,
మెరవని
ఉమారాణి

తా.క.: మీ వాకిలి ఎన్ని అడుగులో వెంటనే రాయండి. చుక్కలు లెక్క వేసుకోవాలి.


కోదాడ,
22 ఏప్రిల్ 2009

ఉమారాణి అక్కకు, నమస్కారం. ఈసారి రాస్తున్నది మహేశ్వర్ గారు కాదు, ఆయన భార్య దీపను.

మీ ఉత్తరం ఆయన చొక్కా జేబులో ఉంది. ఉతకబోతూ చదివాను. పాతవి రెండూ అడిగి తీసుకున్నాను. "నా ముగ్గుల మీద కూలరు దూకుతుందంట, నిజమేనా?" అంటే, "నా కంప్యూటర్లో అలాంటిదేం లేదు" అన్నారు. నేను బజారులో నెట్ సెంటర్‌కు వెళ్ళి చూశాను. తెల్లవారే లేచి నడుము నొప్పితో వేసిన తామర అది. దాని నడుమ మీసాలు తిప్పుతూ నిలబడింది. సెంటర్‌లో ఇద్దరు నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చి ఆయన కంప్యూటర్ సంగతి తేల్చాను. గంతులేసే బొమ్మలు చూస్తే తలనొప్పి వస్తోందని, ప్రకటనలేవీ కనబడకుండా ఆపే ఏర్పాటు ఏడాది కిందటే అందులో పెట్టించుకున్నారు. పెట్టించుకున్న సంగతే మర్చిపోయారు. లోకమంతటికీ చూపించే ప్రకటన ఆయన ఒక్కరికే కనబడదు.

"మీకు నొప్పి వస్తే ఆపుకున్నారు. వాళ్ళకి వస్తే మౌస్ పట్టుకోవడం నేర్పారా?" అన్నాను.

"ప్రకటన తీసేస్తే సైటు ఆగిపోద్ది దీపా" అన్నారు.

"ఆగితే ఆగనివ్వండి. నా చెయ్యి ఆగదుగా" అన్నాను.

ఆ ఏర్పాటు తీయించి, కూలర్‌ను ఆయనకు పావుగంట చూపించాను. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, ప్రకటనా, మీ పేరూ రెండూ తీసేశారు. సైటు ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు. నడిచినన్నాళ్ళూ ముగ్గు మీద ముగ్గే ఉంటుంది.

అయినా మీరు రావడం మానకండి. మా వాకిలి పదకొండడుగులు. ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంచుతాను. లత పక్కన చోటుంటే నేనూ చుక్కలు పెడతాను.

ఇట్లు,
మీ చెల్లెలు
దీప

తా.క.: ఆయన మీకు క్షమాపణ ఉత్తరం రాశారు. రెండుసార్లు చదివాను, అందులో క్షమాపణ ఎక్కడా కనబడలేదు. అందుకని పంపడం లేదు. శనివారం నోటితోనే చెప్పిస్తాను.