పెట్టెలు వెచ్చగానే ఉన్నవి

హోర్నీ యాసెన్ గ్రామము,
అక్టోబరు 21.

పదకొండు దేశముల ఉమ్మడి భూస్పందన పరిశోధనా కేంద్రము, నిర్వాహక మండలి కార్యదర్శి గారి సముఖమునకు, హోర్నీ యాసెన్ స్వచ్ఛంద అగ్నిమాపక దళపతి ఆలోయిస్ హంజెల్కా వ్రాసుకొను ఆరవ అర్జీ.

అయ్యా,

విషయం: మా ఫైరింజను షెడ్డులో నిలువయున్న తమ పెట్టెలు ముప్పది ఒకటింటిని మంచు పడకమునుపే తీయించి, మా బండిని లోపల పెట్టుకొననిచ్చుట గురించి.

మా గత ఐదు అర్జీలకును తమ కార్యాలయము వారు ఐదు జవాబులు దయచేసిరి. ఐదింటిలోను మొదటి వాక్యము ఒక్కటే: "మీ ఆందోళనను మేము అర్థం చేసుకున్నాము." కావున ఈసారి ఆందోళన గురించి వ్రాయను. జరిగినది జరిగినట్లు అంకెలు వేసి విన్నవించుకొనెదను.

1. మా ఊరి పాత రాతిగనిలో, భూమి లోపలి అతి సన్నని కదలికలను సైతము వినగల యంత్రమును నిలుపుటకు పదకొండు దేశములు కలిసి సంకల్పించినవి. ఏ దేశమూ రొక్కము ఇవ్వనక్కరలేదు. తన వంతుకు వచ్చిన భాగమును తన కార్ఖానాలో చేయించి పంపవలెను. ఎవరు ఏది చేయవలెనో పంచుకొను సమావేశము తొమ్మిదేండ్ల క్రిందట మా ఊరి సభామందిరములోనే జరిగినది. మా దళము ఆడవారు బాతు వేపుడు, పులియబెట్టిన క్యాబేజీ, ఆవిరి మీద ఉడికించిన పిండిముద్దలు వడ్డించిరి. నేను బీరు గ్లాసులు మోయుచు అక్కడనే ఉంటిని. యంత్రములోని అద్దములను అరగంటలో పంచుకొన్నారు. లేజర్ల కొరకు రెండు దేశములు కీచులాడుకొన్నవి. జాబితా అడుగున, యంత్రమును నిలుపు భవనమునకై, "హాలు పైకప్పు" అని చదివిరి. ఎవరూ చేయి ఎత్తలేదు. మరల చదివిరి. బాతు ఎముకలు కొరుకు చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో ఒక పెద్దమనిషి ఏదో అన్నాడు, బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఏమన్నాడని దుబాసీ అమ్మాయిని అడిగాను.

"పైకప్పు మీద మా శాస్త్రవేత్తల పేర్లు రాస్తే ఎవరు చదువుతారు, కాకులా? అంటున్నాడు" అని చెప్పింది.

నేనూ నవ్వాను. అందరికీ పెళ్లికొడుకు పక్కన కూర్చోవాలనే ఉంటుంది, పందిరి రాట పాతేవాడే దొరకడు. పైకప్పును "తదుపరి పరిశీలనకు" అని రాసుకుని, భోజనాలు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లిపోయారు.

2. పైకప్పు లేనందున హాలు పూర్తి కాలేదు. హాలు పూర్తి కానందున, దేశదేశముల నుండి రాసాగిన పెట్టెలకు చోటు లేకపోయినది. ఆరు నెలల కొరకు మా షెడ్డు అడిగిరి. ఇచ్చినది నేనే. అనుమతి పత్రముపై నున్న సంతకము నాదే. "చిన్న ఊరు పెద్ద విజ్ఞానానికి తలుపు తెరుస్తున్నది" అని ఆనాడు ఉపన్యాసము కూడ చేసితిని. మా బండి డ్రైవరు మెతోదేయ్ వత్సులీక్, నా భార్యకు తమ్ముడు, షెడ్డు తాళాలు ఇస్తూ నన్ను పక్కకు లాగాడు.

"బావా, ఆరు నెలలంటే ఏ ఆరు నెలలు? ఎండాకాలమా, చలికాలమా?"

"పెద్దవాళ్లురా. మాటంటే మాటే."

"పెద్దవాళ్ల గడియారం మన గడియారం ఒకటి కాదు బావా. సరే, తలుపు తెరిచింది నువ్వు. మూసేది కూడా నువ్వే చూసుకో."

నేటికి ఏడేండ్లు నిండినవి.

3. తమ నిబంధనల ప్రకారము, పెట్టె ఏ దేశము పంపెనో, మండలి స్వీకరించువరకు ఆ దేశముదే. స్వీకరించుటకు పదకొండు దేశముల ప్రతినిధులు ఒక్కచోట కూర్చుండి సంతకములు చేయవలెను. ఆ సంతకములు కొత్త హాలులోనే జరుగవలెను. అంతవరకు సీలు తాకరాదు, పెట్టె కదల్చరాదు. పెట్టెలున్న చోట వేడిమి పద్దెనిమిది డిగ్రీలకు తగ్గరాదు. మా బండి కొరకు పెట్టుకొన్న హీటరు ఏడు చలికాలములు తమ పెట్టెలను వెచ్చగా ఉంచినది. మా బండి చర్చి గోడ ప్రక్కన టార్పాలిను క్రింద నిలిచినది. మూడేండ్ల క్రిందట తనిఖీ బృందము వచ్చి, గోడకు వేడిమి కొలిచే పరికరము తగిలించి, "భద్రపరచిన తీరు ప్రశంసనీయము" అని యోగ్యతాపత్రము ఇచ్చి వెళ్లినది. దానిని ఫ్రేము కట్టించినదీ నేనే.

4. గడచిన జనవరి పదునాలుగవ తేదీ, ఆదివారము, మధ్యాహ్న భోజనముల వేళ. చలి సున్నాకు పందొమ్మిది డిగ్రీలు దిగువ. మెతోదేయ్ ఇంటి పొగగొట్టము నుండి నిప్పు అటుకకు అంటుకొన్నది. అతడు తన ఇల్లు తగలబడుచున్నను ముందుగా బండి వద్దకే పరుగెత్తి వచ్చినాడు, ముప్పది ఏండ్ల అలవాటు అటువంటిది. బయట నిలిపిన బండి గనుక, గడ్డకట్టి పగులునని చలికాలములో తొట్టిలో నీరు ఉంచము. డీజిలు కూడ చిక్కబడి వెన్నపూస వలె అయినది. ఇద్దరమూ ఎక్కాము. రెండుసార్లు తిప్పాడు. దగ్గింది, ఆగిపోయింది. కొండ అవతలి పట్నం నుంచి బండి రావాలంటే మంచులో ముప్పావు గంట.

"ఎమిలీ బయటే ఉంది, చూశాను" అన్నాడు తన భార్యను గురించి. "నువ్వు స్టార్టరు వదలకు బావా. నేను వెళ్లి వసారాలో కుందేళ్ల గూళ్లు తెరిచి వస్తాను."

వస్తాను అన్నాడు. నేను స్టార్టరు వదల్లేదు. అద్దంలోంచి వాళ్ల ఇంటి కప్పు కనిపిస్తూనే ఉంది. అది కూలిపోయినప్పుడు కూడా నా చెయ్యి తాళం మీదే ఉంది. కుందేళ్లు నాలుగు బతికాయి.

ఆ వేళ షెడ్డులో పెట్టెలకు పందొమ్మిది డిగ్రీల వెచ్చదనము ఉన్నట్లు తమ పరికరమే నమోదు చేసియున్నది. కావలసినచో పరిశీలించుకొనవచ్చును.

5. తమ కేంద్రము తరఫున గనిలో ఒక చిన్న నమూనా యంత్రమును నడుపుచున్న ఇనెస్ అను పోర్చుగల్ అమ్మాయి, అంత్యక్రియలు అయిన వారమునకు మా ఇంటికి వచ్చినది. మంచి పిల్ల. మా భాష రెండేళ్లలో నేర్చుకుంది. సంచిలోంచి ఒక పొడుగాటి కాగితం తీసి బల్ల మీద పరిచింది. కాగితం నిండా సన్నని గీతలు.

"బాబాయ్, చూపించాలో వద్దో తెలీలేదు. దాచుకోలేకపోయాను. ఇవి మీ బండి స్టార్టరు తిప్పిన అదుర్లు."

లెక్కపెట్టాను. పందొమ్మిది. మొదటి రెండూ మెతోదేయ్‌వి, తక్కినవి నావి. కాగితం చివర ఒక పెద్ద గీత, అటూ ఇటూ ఊగింది. అదేమిటని అడగలేదు.

"దీన్ని ఏమని రాసుకున్నారమ్మా మీ పుస్తకంలో?"

"స్థానిక అంతరాయం అని" అంది, తల ఎత్తకుండా.

అయ్యా, మా బావమరిది చావు తమ యంత్రమునకు వినబడినది. మా అర్జీలు తమకు వినబడలేదు.

6. మా బండి ఇంకను బయటనే ఉన్నది.

7. తమ ఐదవ జవాబు సారాంశము: పెట్టెలు కదలవలెనన్న స్వీకరించవలెను. స్వీకరించవలెనన్న హాలు కావలెను. హాలుకు పైకప్పు కావలెను. పైకప్పు ఏ దేశపు వాటాలోను లేదు గనుక జాబితా సవరించవలెను. అందుకు పదకొండు చట్టసభలు ఒప్పుకొనవలెను. నాలుగు ఒప్పుకొన్నవట. అందులో ఒకటి రద్దయి, మరల ఎన్నికలు జరుగుచున్నవట. నాకు చదువు ఎనిమిదవ తరగతి వరకే గాని, ఈ దారి వెంట ఎంత నడిచినను మా షెడ్డు తలుపు రాదని తెలియుచున్నది.

నేను విజ్ఞానమునకు విరోధిని కాను. భూమి లోపల ఏమి జరుగుచున్నదో మనుష్యులు వినవలసినదే. పైన ఏమి జరుగుచున్నదో కూడ ఎవరో ఒకరు వినవలెను. మా ఊరిలో అరువది రెండు ఇండ్లు ఉన్నవి, అన్నింటికీ కట్టెల పొయ్యిలే. నవంబరు రెండవ వారములో చలి ముదురును. అంతలోగా పెట్టెలు తీయించవలెనని, లేనియెడల మేమే తీసివేయుటకు మాకు ఒక్క వాక్యపు అనుమతి ఇప్పించవలెనని ప్రార్థన. ఇది ఏడవ అర్జీకి తావివ్వకుండునట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు, తలుపు తెరిచినవాడు,
ఆలోయిస్ హంజెల్కా.

తా.క. కవరు అంటించకముందే ఎమిలీ వచ్చింది, చేతిలో గడ్డపారతో.

"అన్నయ్యా, రాశావా?"

"రాశానమ్మా."

"ఆయన పోకముందు ఎన్ని రాశావు?"

"మూడు."

"పోయాక?"

"ఇది మూడోది."

"సమానం అయ్యాయిగా. ఇక లే."

లేచాను. మేము వెళ్లేసరికి షెడ్డు దగ్గర సగం ఊరు ఉంది. నేను దళపతిని, నిబంధన తప్పడం నా వల్ల కాదు, ప్రతినిధులు లేనిదే పెట్టె తాకరాదన్నాను. దానికేం భాగ్యమని పదకొండు మంది వరసగా నిలబడ్డారు. చర్చి పాదిరీ గారు ఇటలీ, కసాయి ఓండ్రా జర్మనీ, పంతులమ్మ ఫ్రాన్సు, ఇలా తలొక దేశం. సారా కొట్టు యజమాని ఆలస్యంగా వచ్చి, మిగిలిన దేశం నచ్చలేదని కాసేపు అలిగాడు. ఇనెస్ మాత్రం నిజంగానే పోర్చుగల్. ఎమిలీ ఏ దేశానికీ నిలబడనంది.

"నేను పైకప్పు తరఫున వచ్చా" అంది. ఎవరూ నవ్వలేదు.

నిబంధన ప్రకారం మీ కొత్త హాలు గోడల మధ్యకే వెళ్లి, తలా ఒక గుటక ప్లమ్ పండ్ల సారా తాగి సంతకాలు పెట్టారు. స్వీకార పత్రం ఇందుతో జతపరిచాను. సీళ్లు ఒక్కటీ చెదరలేదు. ముప్పై ఒక్క పెట్టెలూ మీ కప్పు లేని హాల్లో ఉన్నాయి, మా టార్పాలిను కింద. దాని ఎడమ మూల చిల్లు ఉంది. వాటికి చలి వేస్తే రాయండి, మీ ఆందోళనను మేము అర్థం చేసుకుంటాము.

తరవాత నేను బండి మెట్టు మీద నిలబడే తాళం తిప్పాను. మొదటిసారికే అందుకుంది. ఇంజను అలా మోగుతూ ఉంటే, ఎక్కి లోపల పెట్టమని చెప్పడానికి అందరం అలవాటుగా వెనక్కి తిరిగి మెతోదేయ్ కోసం చూశాం.