నాలుగు పెట్టెల మందు ఒక్క గంపలో కలిపిన విషయం

ఊపిరి మందుల పరిశోధనాధికారి గారి సముఖమునకు,
గంగడపాలెం రేవు, శ్రీకాకుళం జిల్లా వాస్తవ్యుడు, చేపల వేటగాడు, పదో తరగతి వరకు చదివినవాడు అగు అప్పలసూరి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పరుగెత్తితే ఆయాసం రాకుండా ఆపే మందుల పరీక్షలో మా ఊరి నలుగురు పిల్లలకు ఇచ్చిన మందును నేను వాటాలు వేసిన నేరము ఒప్పుకొనుట గురించి.

1. నా కూతురు గౌరి కానిస్టేబులు రాత పరీక్ష పాసయినది. ఇక పదహారు వందల మీటర్ల పరుగు ఉన్నది. నాలుగు వందలు దాటగానే దానికి పిల్లికూతలు మొదలగును. అందుచేత తమ పరిశోధనలో చేర్చితిని. మా ఊరి పిల్లలు మరి ముగ్గురు చేరినారు.

2. పరుగుకు ముందు పీల్చవలసిన గుళికలను నంబరు వేసిన పెట్టెలలో ఇచ్చినారు. కొన్నింట మందు, కొన్నింట ఉత్తి పొడి ఉండునని, ఎవరిది ఏదో తనకూ తెలియదని నర్సు అనూరాధ గారు ముందే చెప్పి సంతకాలు తీసుకొన్నారు. ఆయాసం వస్తే వాడమని అందరికీ వేరే మందూ ఇచ్చినారు. తమవారి లోపము ఏమియు లేదు.

3. రెండు రోజులు ఎవరి పెట్టె వారు వాడినారు. గౌరి ఆగకుండా పరుగెత్తినది. ఆ ముగ్గురిలో ఒకతె, గంగులు కూతురు రేఖ, రెండు రోజులూ ఇసుకలో కూలబడినది. అది చూసి మా అమ్మ దేముడమ్మ, "ఒకలికి మందు, ఒకలికి ఉత్తి పిండీనా? ఇదేటి నాయంరా సూరీ? వల్లో పడ్డ సేప పడవలో అందరిదీ కాదేటి? కలిపీసి వాటాలెయ్యి" అన్నది. మా పడవలో వాటాలు వేసేది నేనే. ఇరవై యేళ్లలో నా వాటా మీద ఒక్కరూ నోరెత్తలేదు. నాలుగు పెట్టెలూ గంపలో పోసి, కలిపి, నాలుగు కుప్పలు వేసితిని. గుళికలన్నీ చూపుకు ఒక్కలాగే ఉన్నవి. గౌరి వద్దన్నది. "సదువుకున్నావని పెద్దోలని దిద్దకు" అని కసిరితిని.

4. మూడవ నాడు ఆస్పత్రిలో పరుగు మిషను మీద గౌరి పెదవులు నీలమెక్కినవి. అనూరాధ గారే దాన్ని బతికించినారు. "మందు పీల్చావా?" అని ఆమె అడిగితే గౌరి నా వంక ఒకసారి చూసి, "పీల్సేనండి" అన్నది. నన్ను పట్టివ్వలేదు. ఆ చూపుకు నాకు అన్నం సయించడం లేదు.

5. కావున మా నలుగురి ఫలితాలను లెక్కలోంచి తీసివేయవలెను. మా గంప అబద్ధాన్ని నమ్మి రేపు ఎవరి పిల్లా పడిపోరాదు. వచ్చే నెల పధ్నాలుగున గౌరికి పరుగు గనుక, దాని పెట్టెలో మొదట ఏమున్నదో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. శిక్ష ఉంటే నాకు వేయండి, పిల్లలకు వైద్యం ఆపవద్దు.

తప్పు చేసిన తండ్రి మాటగా ఏలినవారు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అప్పలసూరి

తా.క.: పైన లిఖితపూర్వకముగా అని రాశాను. అది కొట్టేయండి. ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా, వాటాలెయ్యమన్న మా అమ్మ గౌరి చేతే చదివించుకుంటుంది. పెట్టెలో ఉన్నది ఉత్తి పొడే అయితే ఉత్తరం పంపండి, ఇంటిల్లిపాదీ కూర్చుని వింటాం. మందే అయితే ఏమీ పంపవద్దు. పది రోజులు చూస్తాను. ఉత్తరం రాకపోతే నేనొక్కడినే వస్తాను, ఆ మందు పేరు నాకు చెప్పండి.