ఇంకో శాన్ హువాన్

ఒక్తావియో బాబాయ్,

కోపం చల్లారాకే చదువు. పండగలో మన బ్యాండుతో వాయించడానికే బయల్దేరాను. కండక్టరు "శాన్ హువాన్!" అని అరవగానే దిగిపోయాను. తీరా చూస్తే అది ఇంకో శాన్ హువాన్! ఆ పునీతుడి పేరున్న ప్రతి ఊళ్ళోనూ పండగ ఆరోజే కదా, నా భుజాన బాకా చూసి వాళ్ళ బ్యాండు మాస్టారు పరుగెత్తుకొచ్చాడు.

"మావాడికి దవడ వాచిందమ్మా, కాస్త వాయిస్తావా?"

"నేను దిగాల్సిన ఊరు ఇది కాదండీ."

"ఊరు కాకపోతేనేం, పండగ అదేగా! రా తల్లీ!"

బాబాయ్, నువ్వు ఏనాడూ వెనక వరస దాటనివ్వని నన్ను ముందు నిలబెట్టారు! నా బాకాకి ముసలమ్మలు పండగ ఆనవాయితీగా టర్కీ కోళ్ళను చంకనెత్తుకుని చిందులేశారు!

నేను రాకుండా మీ పాట చెడగొట్టినందుకు మన్నించు. వచ్చే ఏడు మాత్రం నాకు దారి చూపించడానికి ఎవరినీ తోడు పంపకు.

నీ అన్న కూతురు,
మొదటి వరస బాకా