నలభై నిమిషాల మూత

డిసెంబర్ 28, ఆదివారం

పొద్దున 8. వింత సంగతి. మా నాయనమ్మ రాజవ్వ పుట్టినరోజు జనవరి ఒకటి! ఆధార్ జిరాక్స్ తీయిస్తుంటే ఇవాళే కనబడింది.

"ఎప్పుడు పుట్టినవని ఆధార్ సారు అడిగిండు. పెద్ద వానలు పడ్డప్పుడని చెప్పిన. ఆయనే ఏదో రాస్కున్నడు," అంది నాయనమ్మ.

డెబ్బై ఏళ్లు. ఒక్క కేకూ కోయలేదు. తీర్మానం: ఒకటో తారీఖున పెరుగు కేకు, నా చేత్తో.

"నాకు పండ్లు లేవు బిడ్డా. దూది తీరుండాలె."

దూది తీరు. ఎంత మంచి మాట! మళ్లీ రాస్తున్నాను: దూది తీరు.

మైదా, చక్కెర, నూనె, బేకింగ్ పౌడరు, సోడా ఉన్నాయి. పెరుగు ఇంట్లోదే. ఓవెన్ లేదు, కుక్కరే. అడుగున ఉప్పు. రబ్బరు, సీటీ తీసేయాలి. నలభై నిమిషాలు మూత ముట్టకూడదు. ఇంతే కదా.

డిసెంబర్ 29

సాయంత్రం 5. కుక్కర్ స్టవ్ మీద. ముందుగానే ఒకసారి చేసి చూస్తున్నా.

5.15. ఎదురు గది రత్నాబాయి వచ్చింది. "ఏం బనాయిస్తున్నవ్ పోరీ?" అంటూనే మూతెత్తింది. మా చాల్‌లో అన్నీ వరస గదుల ఇళ్లే, పొద్దంతా తలుపులు తెరిచే ఉంటాయి. వచ్చినవాళ్లు గిన్నె మూత తీసి చూడకపోతే కోపంగా ఉన్నారని అర్థం.

5.25. పక్కింటి రాజమల్లు మామ. ఆయనా ఎత్తాడు. "ఇడ్లీలా?"

5.45. నడిమధ్య గుంట. నాయనమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. చివరికి చాయ్‌లో ముంచుకుంది.

డిసెంబర్ 30

చేయలేదు. కారణాలు: అసైన్‌మెంట్ ఉంది. పెరుగు పులిసింది. చలిగా ఉంది.

మూడోది రాస్తుండగా అమ్మ ఫ్యాన్ వేసింది.

డిసెంబర్ 31

సాయంత్రం 4. కుక్కర్ మూత మీద కాగితం అంటించాను. "దయచేసి మూత తీయరాదు." గుండ్రటి అక్షరాలతో, అందంగా.

4.20. రత్నాబాయి కాగితాన్ని దగ్గరగా చూడాలని మూత చేతిలోకి తీసుకుంది. "మరాఠీల రాస్తే సద్వుతుంటి. గిదేం రాసినవ్?"

చదివి వినిపించాను. "మంచిగుంది," అంది.

కేకు రొట్టె అయింది.

జనవరి 1, గురువారం

11.00. ఆఖరి అవకాశం. తలుపు మూసి గడియ పెట్టాను.

11.10. ఎవరో తట్టారు. పలకలేదు.

11.15. బాదుతున్నారు. "రాజవ్వకేమైందే? పట్టపగలు తల్పేసిన్రు!" రత్నాబాయి ఏడుపు గొంతు. తీయక తప్పలేదు. గుమ్మంలో తొమ్మిది మంది. వెనక నుంచి రాజమల్లు మామ, "టాక్సీ ఆపిన, జల్దీ తీస్కరాండ్రి."

"నాకేమైతది?" నాయనమ్మ నవ్వింది. "నా మన్మరాలు నాకోసం కేకు చేస్తుంది. సూడుండ్రి."

అని, గర్వంగా తనే మూతెత్తింది.

11.22. కేకు మా అందరి కళ్లముందే కూర్చుండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. "ఇవాళే కదా నీ పుట్టినరోజు!"

"ఎవరికెర్క? రేపు పుడ్త తియ్."

రాత్రి 8. రేపు పొద్దున ఆరింటికి, నల్లా నీళ్లు వచ్చే వేళకి కుక్కర్ పెట్టాలి. అప్పుడు చాల్ మొత్తం బిందెల దగ్గరే ఉంటుంది. నాయనమ్మను కూడా అక్కడే కూర్చోబెట్టి రావాలి.