ముప్పై రెండు అంగుళాలు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ అమ్మాయీ బాగున్నాం. మీరూ బాగున్నారని తలుస్తాను అని రాయబోయి కలం ఆపేశాను. ఈసారి మీ బాగు గురించే కాస్త ఎక్కువ రాయాలి. తీరిగ్గా కూర్చుని చదవండి. మధ్యలో మొహం చిట్లించి పక్కన పడేయకండి.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. అమ్మాయి దగ్గు పూర్తిగా తగ్గింది. కుట్టుమిషన్‌కి బెల్టు మార్పించాను, ఇప్పుడు ఆ దడదడ లేదు. పక్కింటావిడ తలుపు తోసుకుని వచ్చి, "ఏంటి, చప్పుడు లేదు, పని మానేశావా?" అని చూసి మరీ వెళ్లింది. మీరు పంపిన దుప్పటి చాలా బాగుంది, కాకపోతే అమ్మాయి దాన్ని నాకు దక్కనివ్వడం లేదు.

ఇక మీ చివరి మాట. మీ స్నేహితుడు ఉత్తరంతోపాటు మీ ప్యాంటు కూడా తెచ్చి ఇచ్చాడు. "ఆఫీసు డాక్టరు నేను పద్దెనిమిది కిలోలు పెరిగానంటున్నాడు. వాళ్ల తూకం యంత్రం పాడైంది. బీపీ, షుగరు అంటూ మాత్రలు చేతిలో పెడితే డ్రాయరులో పడేశాను. నా నడుము పెళ్లినాటి నుంచీ ముప్పై రెండే అని నువ్వు కొలిచి, కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపు. వాళ్ల మొహాన కొడతాను" అని రాశారు. ప్యాంటు పట్టీ లోపల నేను దారంతో కుట్టిన ముప్పై రెండు అంకెను నర్సుకు తిప్పి చూపించారట కూడా! చదివి ముందు నవ్వొచ్చింది. మాత్రలు డ్రాయరులో పడేశారన్న మాట మళ్లీ చదివాక భయం వేసింది.

మీతో ఎప్పుడూ అనలేదు గానీ, ఈ మధ్య నా దగ్గరికి కొత్త బట్టలకంటే వదులు చేయాల్సిన పాత బట్టలే ఎక్కువ వస్తున్నాయి. బ్యాంకులో పనిచేసే ఆవిడ, స్కూలు వ్యాను డ్రైవరు, ఎదురు మేడమీది దంపతులు, అందరిదీ ఒకటే పాట: "నేనేం తింటున్నానమ్మా? గుడ్డే కుంచించుకుపోయింది!" నిజం చెప్పాలంటే వాళ్లలో తిండిపోతులెవరూ లేరు. డ్రైవరు పొద్దున్న ఆరింటికి సీటెక్కితే సాయంత్రం దిగుతాడు. బ్యాంకావిడ పని తెమలక భోజనం మానేసి, నాలుగింటికి ఆకలికి ఆగలేక ఏదో ఒక ప్యాకెట్టు చింపుతుంది. మేడమీది వాళ్లకు తినేదీ కట్టుకునేదీ గుమ్మంలోకే వస్తాయి. నాకు కొలతలు కూడా ఫోన్లోనే పంపి, పట్టలేదని నా మీదే విసుక్కుంటారు. మనిషి లేచి నడవాల్సిన పనులన్నీ ఒక్కొక్కటే పోయాయి, ఆకలి మాత్రం అలాగే ఉండిపోయింది. ఇందులో ఎవర్నని తప్పు పడతాం?

మీ సంగతీ అంతే కదా. కరెంటు మీటర్ల రీడింగు తీసే రోజుల్లో మీరు రోజుకు రెండు వందల ఇళ్లు ఎక్కి దిగేవారు. ఆరు నెలలకోసారి చెప్పులు అరిగిపోయేవి. "మీ ఆయనకు తిండి పెట్టవా?" అని చూసినవాళ్లంతా నన్ను ఆడిపోసుకునేవారు. తర్వాత మీటర్లు వాటంతటవే లెక్కలు పంపడం నేర్చుకున్నాయి. మిమ్మల్ని అంత దూరం పంపి కంప్యూటరు తెరల ముందు పన్నెండు గంటలు కూర్చోబెట్టారు. ఓ వారం పగలు, ఓ వారం రాత్రి. నిద్ర ఆపుకోవడానికి తీపి టీ, టీతో బిస్కెట్లు, అవీ కుర్చీ దగ్గరికే. కానీ ఆ కుర్చీ వల్లే మన ఇల్లు నిలబడింది, అమ్మాయి చదువు సాగుతోంది. నడకంటే అంత ఇష్టమున్న మనిషి మాకోసం తొమ్మిదేళ్లుగా కదలకుండా కూర్చున్నారు. అది తలుచుకోని రోజు లేదు నాకు.

ఇప్పుడు అసలు మాట. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇంతసేపూ ఊరంతా తిరిగొచ్చాను.

మీ నడుము ముప్పై రెండు కాదండీ. ముప్పై ఎనిమిది.

మీరు ఆ ఉద్యోగంలో చేరాక మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు సరిగ్గా మాట్లాడేవారు కాదు. "నడిచే మనిషిని తీసుకెళ్లి మూల కూర్చోబెట్టారే" అని ఒక్కసారి అన్నారు, అంతే. భోజనాల దగ్గర మాత్రం పొట్ట తట్టుకుని, "చూశావా, ఇప్పటికీ పెళ్లినాటి కొలతే!" అని నవ్వారు. ఆ పూట మీరు స్నానానికి వెళ్తూ విప్పిన ప్యాంటు చూస్తే, బొత్తాం దగ్గర గుడ్డ లాగి లాగి చిరుగు పట్టింది. ఆ ఒక్క నవ్వూ పోగొట్టడానికి నాకు మనసొప్పలేదు. మీరు వచ్చేలోపు వెనక కుట్టు విప్పి, లోపలి మడతలోంచి అంగుళం వదిలి మళ్లీ కుట్టేశాను. మీరు తొడుక్కుని "ఎంత హాయిగా ఉందో చూడు" అన్నారు.

అప్పటినుంచీ ప్రతి సెలవుకూ అదే పని. కొత్తవి కుట్టేటప్పుడు పాతవాటిని పరిచి కొలుచుకునేదాన్ని, పట్టీ లోపల మాత్రం ముప్పై రెండు అనే కుట్టేదాన్ని. బెల్టు బిగుతైతే తోలు ఎండిపోయిందని చెప్పి కొత్తది కొన్నాను. వీధిలో అందరి నడుములూ కొలిచి అంకె పైకి చదువుతాను, మిమ్మల్ని మాత్రం ఒక్కసారి కూడా నిలబెట్టి కొలవలేదు. ప్రేమకొద్దీ చేశాననుకున్నాను. మీరు అదే అంకె పట్టుకుని డాక్టరుతో పోట్లాడతారని కలలో కూడా అనుకోలేదు.

మొన్న అమ్మాయి స్కూలు స్కర్టు బిగుతైంది. అది చదువుకుంటోంది కదా అని అలవాటుకొద్దీ కుట్టు విప్పుతున్నాను. వెనకనుంచి వచ్చి, "నాన్నకు చేసినట్టే నాక్కూడా చెప్పకుండా చేస్తున్నావా అమ్మా?" అంది.

"నీకెప్పట్నుంచి తెలుసే?"

"చిన్నప్పట్నుంచీ. నువ్వు చెప్పొద్దనలేదు, నేనే చెప్పలేదు."

నాకు సిగ్గేసింది. మర్నాడే దాన్ని వ్యాను మాన్పించాను. డ్రైవరు అలిగాడు గానీ, ఇద్దరం నడిచే వెళ్తున్నాం. సగం దారికే నాకు ఆయాసం వస్తోంది. రోజంతా మిషన్ ముందు కూర్చునేదాన్ని, నేను మాత్రం తక్కువ తిన్నానా?

నిన్న మీ ఆఫీసు నర్సుకు ఫోన్ చేసి, తప్పంతా నాదేనని ఒప్పుకున్నాను. కోప్పడుతుందనుకుంటే పడీపడీ నవ్వి, "పోన్లెండి, మా తూకం యంత్రం పరువు దక్కింది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన బీపీ చాలా ఎక్కువుందమ్మా. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు కుర్చీలోంచి లేవరు. మీరు చెప్తే వింటారని ఆశ" అంది. మీరు అంత గొడవ పడినా, ఏమీ కాని మన గురించి ఆవిడకు ఎంత పట్టింపో! ఫోన్లో కనబడదని తెలిసీ రెండు చేతులూ జోడించాను. ఆవిడ ఎదురుపడితే మంచిగా మాట్లాడండి.

కాగితం అడిగారుగా, విడిగా రాసి పెట్టాను: "ఈయన నడుము ముప్పై ఎనిమిది అంగుళాలు. ముప్పై రెండని కుట్టింది నేను." కింద సంతకం చేశాను. ఎవరికీ చూపించక్కర్లేదు, మీరు చదువుకుంటే చాలు.

మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. నన్ను నమ్మి ఇన్నేళ్లు తొడుక్కున్నారు. ఉత్తరం పక్కన పెట్టి, లేచి డ్రాయరు తెరిచి, మాత్ర వేసుకోండి. వేసుకున్నాక ఫోన్ చేసి తిట్టండి. ఎంతసేపైనా వింటాను, మీ గొంతు వినబడితే చాలు.

ఇట్లు,
మీ ఇల్లాలు